గ్లోబ్యులిన్ అంత ఎక్కువ, టీకా మాత్రం పట్టలేదు: హెచ్ఐవిలో బి కణాలకు ఏమవుతుంది?

సూళ్లూరుపేట_లోకల్ (చెన్నై)

మా బావకి, అంటే అక్క భర్తకి (ఇంతకు మించి వివరాలు అడక్కండి ప్లీజ్), హెచ్ఐవి ఉందని బాగా ఆలస్యంగా తెలిసింది. మనిషి చిక్కిపోయి, నోట్లో తెల్లపూత వచ్చి, మెడ కింద, చంకల్లో బిళ్లలు కట్టాక గానీ పరీక్ష చేయించలేదు. అప్పటికి సీడీ4 (హెచ్ఐవి దెబ్బతీసే టి కణాల లెక్క) 130. ఇప్పుడు చెన్నైలో మా ఇంట్లోనే ఉండి మందులు వాడుతున్నారు. రోజుకొక మాత్ర, తప్పకుండా వేసుకుంటున్నారు, వైరల్ లోడ్ ఇప్పుడు కనపడటం లేదు, ఆ టెన్షన్ తగ్గింది.

నాకు అర్థం కానిది వేరే. మందులు మొదలుపెట్టక ముందు రిపోర్ట్‌లో మొత్తం ప్రోటీన్ 9.4, ఆల్బుమిన్ 3.6, గ్లోబ్యులిన్ 5.8, ఈఎస్ఆర్ 90 దాటి ఉంది. ఇప్పుడు గ్లోబ్యులిన్ 4.4కి దిగింది, ఇంకా ఎర్ర అక్షరాల్లోనే వస్తోంది. గ్లోబ్యులిన్ అంటే ఎక్కువ భాగం యాంటీబాడీలే అని ఎక్కడో చదివాను. మరి అన్ని యాంటీబాడీలు ఉన్న మనిషికి వరసగా జబ్బులెందుకు వచ్చాయి? జబ్బు బయటపడక ముందు ఉద్యోగంలో హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించారు, ఇప్పుడు చూస్తే టైటర్ (టీకా వల్ల వచ్చిన యాంటీబాడీల లెక్క) 10 కంటే తక్కువ, అంటే పట్టనే లేదట.

డాక్టర్‌ని అడిగితే "సైటోకైన్ల వల్ల బి సెల్స్ అలా రెచ్చిపోతాయి, మందులు మానకండి చాలు" అని తర్వాతి పేషెంట్‌ని పిలిచారు. ఆయన్ని అనడానికి లేదు, బయట క్యూ అలా ఉంది. నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పని చేస్తాను, నా బయాలజీ పదో తరగతితో సరి. హెచ్ఐవి టి కణాల్ని తింటుందని విన్నా గానీ మధ్యలో ఈ బి కణాల గొడవేంటి? తెలిసినవాళ్లు కాస్త విడమర్చి చెప్పండి.

---

సెంట్రిఫ్యూజ్ (చెన్నై, ల్యాబ్ టెక్నీషియన్)

తమ్ముడూ, ముందు రిపోర్ట్ సంగతి చెప్తా, లోపల కణాల కథ చెప్పేవాళ్లు వేరే వస్తారు.

గ్లోబ్యులిన్ మామూలుగా 2 నుంచి 3.5 మధ్య ఉంటుంది. మందులు వాడని హెచ్ఐవి శాంపిల్స్‌లో 5, 6 రావడం మాకు కొత్త కాదు. ఈఎస్ఆర్ పెరగడానికి కూడా చాలావరకు అదే కారణం, రక్తంలో యాంటీబాడీలు ఎక్కువైతే ఎర్రకణాలు ఒకదానికొకటి అతుక్కుని తొందరగా కిందికి దిగిపోతాయి. కాబట్టి ఆ రెండు ఎర్ర అంకెల్నీ రెండు జబ్బులుగా లెక్కేసుకోకండి.

కానీ ఒకటి. గ్లోబ్యులిన్ పెరిగిన ప్రతిసారీ హెచ్ఐవి మీద తోసేయకూడదు. టీబీ, లివర్ జబ్బులు, హెపటైటిస్ సి, మైలోమా అనే రక్త క్యాన్సర్, ఇలా చాలా ఉన్నాయి. 4.4 దగ్గరే ఆగిపోతే సీరం ప్రోటీన్ ఎలెక్ట్రోఫోరెసిస్ (రక్తంలోని ప్రోటీన్లని రకాలుగా విడదీసే టెస్ట్) రాయమని డాక్టర్‌ని అడగండి. అందులో యాంటీబాడీలుండే గామా భాగం వెడల్పుగా కొండలా లేస్తే రకరకాల బి కణాలన్నీ (యాంటీబాడీలు వచ్చేది వీటినుంచే) కలిసి తయారుచేసిన సరుకు అని అర్థం, హెచ్ఐవిలో ఎక్కువగా కనిపించేది అదే. సన్నగా, సూదిలా ఒకే గీత లేస్తే దాన్ని ఎం స్పైక్ అంటాం, ఒకే కణం సంతతి అదుపు లేకుండా పెరుగుతోందేమో అని వెతకాలి.

ఇంకో తమాషా చెప్తా. ఈ యాంటీబాడీల రద్దీ వల్ల మాకు కొన్ని టెస్టులు తప్పుదోవ పట్టిస్తాయి. హెచ్ఐవి ఉన్నవాళ్లలో సిఫిలిస్ లేకపోయినా వీడీఆర్ఎల్ పాజిటివ్ రావచ్చు, కీళ్లవాతం లేకపోయినా ఆర్ఏ ఫ్యాక్టర్ రావచ్చు. వీడీఆర్ఎల్ ఒక్కటే చూసి ఇంట్లో గొడవలు పెట్టుకున్నవాళ్లని చూశాను. సిఫిలిస్‌ని నిర్ధారించే టీపీహెచ్ఏ టెస్ట్ చేస్తే తేలిపోయేదానికి!

---

అడయార్_బెంచ్ (చెన్నై, ఇమ్యునాలజీ పరిశోధన)

మంచి ప్రశ్న వేశారు. కొంచెం పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

వైరస్ లోపలికి వెళ్లాలంటే కణం పైన సీడీ4 ఉండాలి, బి కణాల మీద సాధారణంగా అది ఉండదు. కాబట్టి వైరస్ బి కణాల్ని నేరుగా చంపడం చాలా తక్కువ. అయినా అవి పాడవుతాయి, ఎందుకంటే చుట్టూ ఉన్న కబుర్లు పాడవుతాయి. సైటోకైన్లు అంటే ఒక కణం ఇంకో కణానికి పంపే ప్రోటీన్ కబుర్లు, అంతే. ఎయిడ్స్ రోగుల బి కణాలు ఎవరూ పురమాయించకుండానే యాంటీబాడీలు కక్కేస్తున్నాయని, కొత్తదాన్ని చూపిస్తే మాత్రం స్పందించడం లేదని అమెరికాలో క్లిఫర్డ్ లేన్, ఆంథొనీ ఫౌచీల బృందం 1983లోనే రాసింది. వైరస్‌ని కనుక్కున్నదీ ఆ ఏడాదే. అంటే మీ బావగారి రిపోర్ట్‌లో మీకు కనిపించిన వింత ఈ జబ్బుకి మొదటినుంచీ ఉన్నదే.

ఈ గోల ఎక్కడ మొదలవుతుందంటే పేగుల్లో. సోకిన తొలి వారాల్లోనే పేగు గోడలో ఉండే సీడీ4 కణాలు భారీగా పోతాయి, గోడ బలహీనపడుతుంది, లోపలి బ్యాక్టీరియా ముక్కలు రక్తంలోకి కారతాయి. 2006లో బ్రెంచ్లీ, డూయెక్ వాళ్లు చూపించింది ఇదే. ఆ ముక్కలు తగలగానే మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లు అనే రక్షణ కణాలు ఇరవై నాలుగు గంటలూ ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి సైటోకైన్లు వదులుతూ ఉంటాయి. వైరస్ వల్ల వచ్చే ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా అనే ఇంకో సైటోకైన్ దీనికి తోడు.

ఐఎల్-6 పని బి కణాన్ని యాంటీబాడీ తయారుచేసే ప్లాస్మా కణంగా మార్చడంలో సాయపడటం. జపాన్‌లో కిషిమోటో బృందం 1986లో దాని జన్యువుని పట్టుకున్నప్పుడు దాని పేరు కూడా బి కణాల్ని ప్రేరేపించే పదార్థం అనే అర్థంలోనే ఉండేది. (మన దేశంలో మొదటి హెచ్ఐవి కేసుల్ని చెన్నైలోనే సునీతి సాలమన్, నిర్మల గార్లు బయటపెట్టింది కూడా అదే 1986లో.) కోవిడ్ రెండో వేవ్‌లో టోసిలిజుమాబ్ కోసం జనం పరుగులు పెట్టారు గుర్తుందా, అది ఆపేది ఈ ఐఎల్-6 కబురునే.

ఇంకొక సైటోకైన్ బాఫ్. బి కణాలు బతకాలంటే ఇది కావాలి. మామూలుగా ఇది కొద్దిగానే ఉంటుంది, అందుకే బి కణాల మధ్య పోటీ ఉంటుంది, పనికిరానివీ సొంత ఒంటి మీదికి తిరిగేవీ చచ్చిపోతాయి. హెచ్ఐవిలో రక్తంలో బాఫ్ పెరుగుతుంది, దాంతో పోవాల్సినవి కూడా మిగిలిపోతాయి. రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదికే తిరగబడే లూపస్ అనే జబ్బులోనూ బాఫ్ ఎక్కువే, దాన్ని అడ్డుకునే బెలిముమాబ్ అనే మందు 2011 నుంచి లూపస్‌కి వాడుతున్నారు. పైన అన్న చెప్పిన తప్పుడు వీడీఆర్ఎల్, ఆర్ఏ ఫ్యాక్టర్లు ఎక్కడినుంచి వస్తున్నాయో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఇంతవరకు ఎక్కువైన కబుర్లు. అసలు దెబ్బ తక్కువైన చోట ఉంది.

టీకా వేస్తే గట్టి యాంటీబాడీ రావాలంటే బి కణం లింఫ్ గ్రంథిలో జెర్మినల్ సెంటర్ అనే చోటికి వెళ్లి, అక్కడ టి ఫాలిక్యులర్ హెల్పర్ కణం దగ్గర పాఠం నేర్చుకోవాలి. ఆ హెల్పర్ ఇచ్చే ముఖ్యమైన కబుర్లు రెండు: ఐఎల్-21, సీడీ40 లైగాండ్. ఈ రెండూ అందితేనే బి కణం తన యాంటీబాడీకి పదును పెట్టుకుని, ఏళ్ల తరబడి గుర్తుంచుకునే మెమరీ కణంగా మారుతుంది. హెచ్ఐవికి బాగా ఇష్టమైన స్థావరాల్లో ఈ హెల్పర్ కణాలు ఒకటి. విచిత్రమేంటంటే మందులు వాడనివాళ్ల గ్రంథుల్లో వీటి సంఖ్య పెరుగుతుంది కూడా, మీ బావగారికి బిళ్లలు కట్టడం వెనక ఈ హడావుడి కూడా ఉంటుంది. కానీ సంఖ్య ఉన్నా సాయం అందదు. 2013లో వచ్చిన ఒక పరిశోధనలో, జెర్మినల్ సెంటర్‌లోని బి కణాల మీద పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ పెరిగి, అది హెల్పర్ కణం మీది పీడీ-1 అనే బ్రేకుని నొక్కేసి, ఐఎల్-21 రాకుండా చేస్తోందని తేలింది. బయటినుంచి ఐఎల్-21 కలిపితే ల్యాబ్‌లో ఆ బి కణాలు మళ్లీ యాంటీబాడీ ఇచ్చాయి.

అంటే వీధికో వినాయక పందిరి పెట్టి మైకులన్నీ ఒకేసారి మోగిస్తుంటే, పక్కనున్న మనిషి చెవిలో చెప్పాల్సిన ఒక్క మాట వినపడని పరిస్థితి. ఐఎల్-6, బాఫ్, ఇంటర్‌ఫెరాన్ మైకులు. ఐఎల్-21 ఆ చెప్పాల్సిన మాట.

గ్లోబ్యులిన్ 5.8కి, టీకా పట్టకపోవడానికి కారణం ఒకటే, రెండూ ఎదురెదురు విషయాలు కావు. ఆ యాంటీబాడీలు చాలావరకు దేనిమీదా గురిలేనివి, పాత మెమరీ కణాలు అనవసరంగా రెచ్చి పోసేసినవి, లేదా వైరస్ మీదే తయారై ఫలితం లేనివి. కొత్త శత్రువు కోసం పనిచేయాల్సిన కణాలు ఈ లోపు అలిసిపోతాయి. 2008లో సుసాన్ మొయిర్ బృందం హెచ్ఐవి రక్తంలో ఒక రకం బి కణాల్ని వర్ణించింది, పైన సీడీ21 అనే ప్రోటీన్ తగ్గిపోయి, ఎఫ్‌సీఆర్ఎల్4 లాంటి బ్రేకులు పెరిగిపోయి, ప్రేరేపించినా సరిగ్గా విభజన చెందనివి. అలిసిపోయిన బి కణాలు అనే అంటారు వాటిని. సీడీ4 బాగా పడిపోయినవాళ్లలో ఐఎల్-7 అనే సైటోకైన్ పెరుగుతుంది, దాంతోపాటు రక్తంలో ఇంకా ముదరని బి కణాలు కూడా ఎక్కువ కనిపిస్తాయి. అవీ టీకాకి పనికిరావు, తొందరగా చచ్చిపోతాయి.

---

వేపచెట్టు (తిరుపతి)

ఇంత థియరీ ఎందుకండీ. రోజూ పరగడుపున తిప్పతీగ కషాయం, ఉసిరి, దాంతో పాటు ఏదైనా ఇమ్యూనిటీ బూస్టర్ మాత్ర. మా ఊళ్లో చాలామందికి పనిచేసింది. రోగనిరోధక శక్తి తగ్గింది కాబట్టి పెంచాలి, సింపుల్.

---

అడయార్_బెంచ్

@వేపచెట్టు గారూ, నేను పైన రాసిందంతా ఆ "పెంచాలి" అన్న మాటకి అడ్డంగానే ఉంది. ఇక్కడ వ్యవస్థ నిద్రపోవడం లేదు, పగలూ రాత్రీ రెచ్చిపోయి ఉంది. ఇంకా రెచ్చగొట్టడం ఎవరికి మంచిది? తిప్పతీగ వాడాక లివర్ దెబ్బతిన్న కేసుల్ని 2021లో ముంబయి డాక్టర్లు ప్రచురించారు, చూడటానికి ఆటోఇమ్యూన్ హెపటైటిస్‌లా ఉన్నాయి. ఆయన గ్లోబ్యులిన్ ఇంకా ఎక్కువే ఉంది, లివర్ మీద ఇంకో అనుమానం కలపడం ఎందుకు.

---

డ్యూటీ_డాక్టర్ (బెంగళూరు, మాది అనంతపురం)

బూస్టర్ మాత్రల గురించి ఒక్క ముక్క. వాటిలో జింక్, ఐరన్, క్యాల్షియం ఉంటాయి. ఇప్పుడు ఎక్కువమంది వేసుకునే ఒకటే మాత్రలో డోలుటెగ్రావిర్ అనే హెచ్ఐవి మందు ఉంటుంది, ఈ ఖనిజాల మాత్రలతో కలిపి ఖాళీ కడుపున వేస్తే అది ఒంటికి సరిగ్గా పట్టదు. ఏం వేసుకుంటున్నారో ఏఆర్టీ సెంటర్‌లో (హెచ్ఐవి మందులిచ్చే చోట) దాచకుండా చెప్పండి.

ఇక టీకా. వైరల్ లోడ్ ఎక్కువగా ఉన్నప్పుడు వేసిన హెపటైటిస్ బి టీకా పట్టకపోవడం మామూలే, దానికి దిగులు అక్కర్లేదు. ముందు హెచ్‌బీఎస్ యాంటిజెన్, కోర్ యాంటీబాడీ అనే రెండు రక్త పరీక్షలు చూసి, ఆయనకి ఇప్పటికే హెపటైటిస్ బి లేదని నిర్ధారించుకోవాలి. లేదని తేలితే మళ్లీ కోర్సు వేయొచ్చు, ఇలాంటివాళ్లకి రెట్టింపు డోసు, అంటే 20కి బదులు 40 మైక్రోగ్రాములు ఇస్తాం. చివరి డోసు అయిన ఒకటి రెండు నెలలకి టైటర్ చూడాలి, 10 దాటితే రక్షణ ఉన్నట్టు. నా అనుభవంలో చాలామంది ఆ చివరి పరీక్ష దగ్గరే జారిపోతారు, టీకా వేయించాం కదా అని ఊరుకుంటారు.

@అడయార్_బెంచ్ చెప్పినదాన్ని ఉపయోగంలో పెట్టిన ఉదాహరణ ఒకటుంది. హెప్లిసావ్ అనే హెపటైటిస్ బి టీకాలో సీపీజీ డీఎన్ఏ కలుపుతారు, అది డెండ్రిటిక్ కణాలనే రక్షణ కణాల్లో, బి కణాల్లో ఉండే టీఎల్ఆర్9 అనే గ్రాహకాన్ని తట్టి కబురు గట్టిగా పంపుతుంది. పాత టీకా పట్టని హెచ్ఐవి ఉన్నవాళ్లలో దీన్ని మూడు డోసులు వేస్తే 99 శాతం మందికి, రెండు డోసులతో 93 శాతం మందికి రక్షణ వచ్చింది, పాత రకం టీకాయే మళ్లీ వేస్తే 81 శాతం. 2024లో ప్రచురించారు. మళ్లీ వేస్తే పాతదే అంతమందికి పట్టింది చూడండి, ట్రయల్‌లో ఉన్నవాళ్లంతా మందులు వాడుతున్నవాళ్లే. నాకైతే అందులో అన్నిటికంటే నచ్చిన అంకె అదే.

---

మడివాళ_మామయ్య (బెంగళూరు)

నాకూ హెచ్ఐవి ఉంది, మందులు మొదలుపెట్టి చాలా ఏళ్లయింది, సీడీ4 600 మీదే ఉంటోంది. ఈ చర్చ చదివాక ఒక భయం పట్టుకుంది. మా డాక్టర్ వెళ్లిన ప్రతిసారీ మెడ, చంకలు తడిమి చూస్తారు, ఎందుకంటే లింఫోమా (లింఫ్ గ్రంథుల క్యాన్సర్) కోసం అన్నారు. ఈ రెచ్చిపోయిన బి కణాలకీ దానికీ సంబంధం ఉందా అమ్మా?

---

అడయార్_బెంచ్

ఉందండీ. కానీ భయపడే స్థాయిలో కాదు, మీ సీడీ4కి.

బి కణం జెర్మినల్ సెంటర్‌లో యాంటీబాడీకి పదును పెట్టుకునేటప్పుడు కావాలనే తన డీఎన్ఏని కత్తిరించుకుంటుంది, ఏఐడీ అనే ఎంజైమ్ ఆ పని చేస్తుంది. ఏళ్ల తరబడి ఆ పనికి తోస్తూనే ఉంటే ఎక్కడో తప్పు అతుకు పడే అవకాశం పెరుగుతుంది. బర్కిట్ లింఫోమాలో సీ-మిక్ అనే జన్యువు యాంటీబాడీ జన్యువు పక్కకి వచ్చి అతుక్కోవడం అలాంటిదే. కొన్ని లింఫోమాల్లో ఈబీవీ అనే ఇంకో వైరస్ కూడా తోడవుతుంది, దాన్ని అదుపులో పెట్టాల్సిన టి కణాలు లేక. లింఫోమా బయటపడటానికి ఏళ్ల ముందు దాచిన రక్తం శాంపిల్స్‌ని తర్వాత పరీక్షిస్తే ఐఎల్-6, ఐఎల్-10, సీఎక్స్‌సీఎల్13 లాంటి కబుర్లు అప్పటికే పెరిగి ఉన్నాయని కూడా తేలింది. మందులు వచ్చాక ఈ లింఫోమాలు బాగా తగ్గాయి, అయినా హెచ్ఐవి లేనివాళ్లతో పోలిస్తే కొంచెం ఎక్కువే. అందుకే మీ డాక్టర్ తడిమి చూస్తున్నారు, మంచి అలవాటు, చూడనివ్వండి. కొత్తగా బిళ్ల కట్టి తగ్గకపోయినా, రాత్రిళ్లు చెమటలు పట్టినా, బరువు తగ్గినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి. టీబీలోనూ ఇవే కనిపిస్తాయి, అందుకూ చూపించాల్సిందే.

@సూళ్లూరుపేట_లోకల్ మీరు అడగనిది కూడా ఒకటి చెప్తా. వైరస్ అణిగాక బి కణాల్లో ఎంత బాగుపడుతుంది అని. గ్లోబ్యులిన్ దిగుతుంది, అలిసిపోయిన కణాల వాటా తగ్గుతుంది, కొత్త బి కణాలు వస్తాయి. మెమరీ కణాలు మాత్రం ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లలో పూర్తిగా తిరిగి రావు, తొందరగా మొదలుపెట్టినవాళ్లలో చాలా మెరుగ్గా నిలబడతాయి. పేగు గోడ కూడా పూర్తిగా మునుపటిలా అవదు, కాబట్టి ఐఎల్-6 లాంటివి కొద్దికొద్దిగా ఎక్కువే ఉండిపోతాయి. 2017 నుంచి మన దేశంలో సీడీ4 ఎంతున్నా వెంటనే మందులు ఇస్తున్నారు కదా, దాని లాభం బి కణాలకీ అందుతుంది. ఎవరైనా పరీక్షకి వెనకాడుతుంటే 1097కి ఫోన్ చేయమనండి, ఫ్రీ నంబరు.

---

సూళ్లూరుపేట_లోకల్

అక్కా, అన్నా, డాక్టర్ గారూ, థాంక్స్ అనేది చిన్న మాట. మైకుల ముక్క బావకి చదివి వినిపించా, నవ్వారు. మా పేటలో చవితికి నిద్రపోయిందెప్పుడు అన్నారు.

రెండు విషయాలు. తిప్పతీగ పొడి డబ్బా ఒకటి అక్క ఆల్రెడీ ఊరినుంచి పంపింది, అది అటకెక్కింది. రెండోది, ఏఆర్టీ సెంటర్‌లో ఈసారి టైటర్ రిపోర్ట్ చూపించి రెట్టింపు డోసు గురించి అడుగుతా. @సెంట్రిఫ్యూజ్ అన్నా, ఆ ఎలెక్ట్రోఫోరెసిస్‌కి పరగడుపునే రావాలా? మాత్ర రాత్రి వేసుకుంటారు, దాని వల్ల తేడా వస్తుందా?

---

సెంట్రిఫ్యూజ్

పరగడుపు తప్పనిసరి కాదు, కానీ బాగా నూనె తిండి తిని వస్తే సీరం పాలలా తెల్లబడి మాకు చికాకు, కాబట్టి పొద్దున్నే ఇడ్లీకి ముందు ఇచ్చేయండి. మాత్రతో తేడా రాదు, దాన్ని ఆపొద్దు. పాత రిపోర్ట్ కూడా తీసుకెళ్లి డాక్టర్ ముందు పెట్టండి, 5.8 నుంచి 4.4కి దిగిందన్నది ఒక్క కొత్త కాగితంలో కనపడదు. అన్నట్టు చాలా ల్యాబుల్లో ఈ టెస్ట్ రోజూ పెట్టరు, శాంపిల్స్ పోగయ్యాక ఒకేసారి నడుపుతారు. రిపోర్ట్ రెండు మూడు రోజులు లేటైతే కంగారు పడొద్దు.